కారులో కారు నీరు



మన భాషలో ‘కారు’ అను మాటకు అర్థములు పెక్కు గలవు. వానకాలమునకు కారు అని పేరు. నలుపునకును కారు అని పేరు. బొట్లుబొట్లుగా నీరు జారుటకును కారుట అనియే అందుము. పరదేశము నుండి వచ్చి మన వీధులలో తిరుగుచున్న వాహనమునకు గూడ ఆ పేరే కుదిరినది. కారు వచ్చినపుడు కారు కారునని తరగతిలో శ్లేష చెప్పి పిల్లలను నవ్వించుచుండెడివాడను. ఆ శ్లేష నా యింటి ముంగిటనే నిజమగునని అప్పుడు తోచలేదు.

పాత కారులోనికి వాననీరు చేరినచో దాని జాడ పట్టుట యెట్లు, మాన్పుట యెట్లు అనునది నేటి ప్రసంగ విషయము. తెలుగు పండితునకు కారు మరమ్మతుతో పని యేమని మీలో కొందరనుకొనవచ్చును. నాకు ఆ పని వచ్చునని చెప్పుకొనను. నా తొందరపాటు వలన ఒక మంచి కారు అడుగు పుచ్చినది. ఆ పని మీరును చేయకుందురని చెప్పుటకు వచ్చితిని.

ఆ కారు నా తమ్మునిది. 1986లో తయారైన అంబాసిడరు. ఇంగ్లండు దేశపు మారిస్ ఆక్స్‌ఫర్డ్ కారును అనుసరించి, వంగదేశమునందలి ఉత్తరపాడలో 1950ల చివరి భాగము మొదలు 2014 వరకు ఈ కారులు తయారైనవి. తమ్ముడు 2012లో గతించెను. అమ్ముమని పలువురు చెప్పినను మా మరదలు ఒప్పుకొనలేదు. ఊరిలో నెవరికైన కాన్పు వచ్చినను, తేలు కుట్టినను, ఆ కారే పట్టణపు ఆసుపత్రికి పోవుచుండెను. బస్సు దొరకని రాత్రులందు దాని విలువ మా ఊరివారికి తెలియును.

ఇచట దాని నిర్మాణమును గూర్చి ఒక మాట చెప్పవలెను. లారీకి క్రింద వేరుగా ఇనుప దూలములతో చట్రము ఉండును. పైతొట్టి దానిపై కూర్చుండును. అంబాసిడరునకు అట్టి వేరు చట్రము లేదు. అడుగు రేకు, తలుపుల క్రింది గడపలు, నిలువు కమ్మీలు, పైకప్పు, ఇవన్నియు ఒకదానితో నొకటి అతుకబడి, తామే చట్రమై బరువును మోయును. స్తంభములు గల పెంకుటింటిలో ఒక గోడ కూలినను కప్పు నిలుచును. గోడలపైననే దూలములు మోపిన ఇంటిలో గోడ నానినచో ఇల్లే కూలును. అట్టి కారునకు అడుగు రేకు తుప్పుపట్టుట యనగా గోడ నానుట యని గ్రహింపుడు. నీరు చేరుట చాపలు తడియుటతో పోవు బాధ కాదు.

2019వ సంవత్సరపు ఆశ్వయుజ మాసమున గట్టి వాన కురిసిన మరునాడు, ముందు సీటు ఎడమవైపున, కాళ్లు పెట్టుకొను పల్లమున రెండు గ్లాసుల నీరు నిలిచియుండెను. తుడిచితిమి. తరువాతి వానకు మరల వచ్చెను. పట్టణములో ఒక షెడ్డునకు తీసికొనిపోగా, ముందు అద్దము చుట్టునున్న రబ్బరు బీడింగు చెడినదని చెప్పి, దాని అంచున సిలికోను జిగురు పూసి పంపిరి. వాన వచ్చెను, నీరును వచ్చెను. మరల పూసిరి. మూడు పర్యాయములు పూసి, మూడు పర్యాయములును సొమ్ము పుచ్చుకొనిరి. ఆ జిగురు పుల్లని ఘాటు వాసన కొట్టుచుండెను. అది ఆరునపుడు వెలువడునది ఎసిటిక్ ఆమ్లము, అనగా వంటలో వాడు వెనిగరునందలి పులుపే యని నాకు తరువాత తెలిసినది. అది తగిలిన ఇనుప రేకు తుప్పు పట్టును. పైగా ఆ జిగురు అంటిన చోట పిమ్మట రంగు నిలువదు. కనుక పులుపు వాసన గల సిలికోనును కారు రేకుపై పూయనీయకుడు.

ఇక నా ఘనకార్యము వినుడు. ఒకనాడు తలుపులు తుడుచుచు, ప్రతి తలుపు అడుగు అంచునను చిన్న చిన్న కన్నములుండుట చూచితిని. రోడ్డు మీది నీరు చక్రములనుండి చిమ్మి ఈ కన్నముల ద్వారా లోపలికి పోవుచున్నదని అప్పటికప్పుడు తీర్మానించితిని. గుడ్డపేలికలను తారులో ముంచి అన్నిటిని బిగించి మూసితిని. ఆ పిమ్మట కొన్నాళ్లు వానలు లేవు. నీరు రాలేదు. కాకి వాలుటయు తాటిపండు పడుటయు ఒక్కసారి జరిగినచో కాకియే పండును రాల్చినదనుకొనుటను కాకతాళీయ మందురని నలుబది సంవత్సరములు పిల్లలకు బోధించినవాడను. నా కారు దగ్గర ఆ పాఠము గుర్తునకు రాలేదు.

2021లో, వానలు ముదిరిన దినములలో, మరదలికి కండ్లు చూపించుటకై బయలుదేరితిమి. కారు ఇంకను కదలలేదు. ఆమె ఎడమవైపు ముందు సీటున కూర్చుండి కాలు దించగనే పట్టా క్రింద రేకు అప్పడము వలె విరిగెను. మడమ లోనికి దిగినది. దైవకృప వలన గాయము కాలేదు. పట్టా ఎత్తి చూడగా కారు అడుగున నుండి వాకిటి మట్టి కనబడుచుండెను. ఆమె చాలసేపు మాటలాడక, చివరకు మెల్లగా, “పోనీ బావగారూ, ఇంక అమ్మేద్దామండి” అనెను. తొమ్మిదేండ్లుగా ఎవరెంత చెప్పినను అనని మాట అది. ఆ పూట నాకు అన్నము సహింపలేదు.

నా పూర్వశిష్యుడొకడు మండల కేంద్రమున షెడ్డు నడుపుచున్నాడు. అతనికి కబురు చేసితిని. వచ్చి, మోకాళ్లపై కూర్చుండి, తలుపుల అడుగున చేయి పెట్టి తడిమెను. తారు ముద్ద నొకదానిని స్క్రూడ్రైవరుతో పెకలించెను. దాదాపు చెంబెడు ఎఱ్ఱని నీరు బుడబుడ బయటకు దుమికెను.

“మాస్టారండీ, ఈ కన్నాలు ఎవరు మూశారండీ?” అని యడిగెను.

నేనే మూసితినని చెప్పితిని. అతడు నవ్వలేదు. అంతకంటె నవ్వినచో బాగుండును.

తలుపు సంగతి అతడు చెప్పగా తెలిసికొన్నది ఇది. తలుపు అద్దము పైకి క్రిందికి పోవుటకు సందు ఉండితీరవలెను. ఆ సందు వెలుపలి అంచున రబ్బరు పట్టీ యున్నను, వాన కురిసినపుడు కొంత నీరు అద్దము వెంబడి తలుపు గర్భములోనికి దిగకమానదు. కొత్త కారునందును దిగును. దిగిన నీరు అడుగు కన్నముల గుండ పోవునట్లే తలుపును తయారుచేసిరి. మన ఇంటి చూరునీరు పెరటి తూము గుండ పోవుటయు నిట్టిదే. ఆ తూమును నేను పూడ్చితిని. నీరు తలుపులో నిండి, లోపలి అట్ట వెనుకనుండి కారులోనికి పొరలి, పట్టా క్రిందికి చేరినది. ఆ అట్ట వెనుక తారుకాగితమో ప్లాస్టిక్ పొరయో అంటించి యుండును. పిడి బాగుచేయుటకో అద్దము బాగుచేయుటకో అట్ట ఊడదీసినవారు ఆ పొరను చింపి పారవేయుట కలదు. అది లేనిచో కన్నములు తెరచియున్నను కొంత నీరు లోపలికి వచ్చును. మీ కారు తలుపు అట్ట అడుగున ఉబ్బి మెత్తబడియున్నచో ఇదియే కారణమని ముందుగా శంకింపుడు.

అయితే 2019లో వచ్చిన నీటికి నేను మూసిన కన్నములు కారణము కానేరవు. అవి అటుపిమ్మట మూయబడినవి. కనుక మరియొక త్రోవ ఉండి తీరవలెను. “అమ్మే సంగతి తరువాత చూద్దామండి. ముందు ఆ నీళ్లెక్కడివో తేల్చుకుందాం” అని శిష్యుడనెను.

మొదట సీట్లు, పట్టాలు, వాని క్రింది గోనెపొర అన్నియు తీసివేసితిమి. పాత కారులలో రబ్బరు పట్టా క్రింద గోనెతోనో జనుపతోనో చేసిన మందపు పొర యుండును. పైన పట్టా ఆరినట్లు కనబడినను ఆ పొర నెలల తరబడి తడి పట్టి యుంచును. తుప్పు వాన కురియునపుడు పెరుగుట తక్కువ. వాన వెలిసిన తరువాత ఈ పొర క్రిందనే పెరుగును. దానిని తీయక వెదకుటయు వ్యర్థమే, ఏలయన నీరు దానిలో ఇంకి, వచ్చిన చోటు ఒకటి, కనబడు చోటు ఒకటి యగును.

తరువాత ఆ నీరు వాననీరేనా యని చూచుకొనవలెను. ఏసీ గల కారులో ఎండకాలమున గూడ ఎడమ పాదము దగ్గర స్వచ్ఛమైన చల్లని నీరు చేరినచో, ఏసీ నీటిని బయటకు పంపు గొట్టము దుమ్ముతో పూడినదన్నమాట. ఆ గొట్టమును శుభ్రపరచినచో చాలును. హీటరు గల కారులో జిడ్డుగా, తీపి వాసనతో నున్న నీరు వచ్చినచో అది రేడియేటరు నుండి వచ్చు ద్రవము. దానిని నాలుకతో పరీక్షింపకుడు. అందు కలుపు ఇథిలీన్ గ్లైకాల్ విషము; దాని తీపికి ఆశపడి నాకిన కుక్కలు చచ్చును. మాది వాననీరే. వాన లేనినాడు చుక్కయైన రాలేదు.

ఇక పరీక్ష. కారులోపల ఒకరు టార్చిలైటుతో పండుకొని చూడవలెను. బయట ఒకరు గొట్టముతో నీరు పోయవలెను. నీటి ధార వానవలె మెత్తగా నుండవలెనే కాని, కారులు కడుగు యంత్రపు జోరు పనికిరాదు. ఆ జోరునకు వాననీరు ఎన్నడును పోని చోటికి గూడ నీరు పోవును. లేని తప్పు కనబడును. నీరు పోయుట క్రిందినుండి మొదలుపెట్టి పైకి పోవలెను. ఇది ముఖ్యము. పైనుండి పోసినచో నీరు కప్పును, అద్దమును, తలుపును అన్నిటిని తడుపుచు దిగును; ఎచట దూరినదో చెప్పజాలము. ఒక్కొక్క చోట పది నిమిషములైన ఓర్పుతో పోయవలెను. నీరు లోపల వంకరత్రోవలలో ప్రయాణము చేయునుగనుక తొందరపడరాదు.

ఈ పద్ధతిని చూచుచుండగా నాకు తర్కశాస్త్రము జ్ఞప్తికి వచ్చినది. ఒకటి యున్నపుడు రెండవది యుండుట అన్వయము. ఒకటి లేనపుడు రెండవది లేకుండుట వ్యతిరేకము. రెండును కుదిరిననే కారణమని నిశ్చయింపవలెను. అద్దము బీడింగుపై పది నిమిషములు పోసితిమి; లోపల చుక్క లేదు. మూడు మారులు జిగురు పూయించుకొన్న ఆ బీడింగు కుండకు కుమ్మరి గాడిద వంటిది. మట్టిని మోసినంత మాత్రమున గాడిద కుండకు కారణము కాదని మా గురువుగారు చెప్పెడివారు.

అద్దము క్రింద, వైపరు కడ్డీలు రేకును తొలుచుకొని బయటకు వచ్చు చోట నీరు పోయగనే, లోపలనున్న శిష్యుడు “ఆపండి మాస్టారూ!” అని కేక వేసెను. డాష్‌బోర్డు క్రింద తల దూర్చి నన్నును చూడుమనెను. కుడివైపు వైపరు కడ్డీ చుట్టునున్న రబ్బరు వలయము ఎండకు పెళుసెక్కి రెండు చోట్ల చిట్లినది. అచట దూరిన నీరు కుడివైపున పడలేదు. లోపల అడ్డముగా పోవు కరెంటు తీగల కట్టను పట్టుకొని, చీమలబారువలె ఎడమవైపునకు నడచి, తీగలు క్రిందికి వంగిన చోట బొట్టుగా రాలుచున్నది. దూరినది కుడివైపున; రాలినది ఎడమవైపున. ఈ రెంటికి నడుమ రెండు మూరల దూరము. ఆ తీగల కట్టలోనే దీపములకు, హారనుకు పోవు తీగలున్నవి. తడికి వాని కొసలు పచ్చగా చిలుము పట్టియుండెను. ఒక రాత్రి ఆసుపత్రికి పోవు దారిలో దీపములు ఆరి వెలిగినవని డ్రైవరు ఎప్పుడో చెప్పగా, బల్బు మార్పించి ఊరకుంటిమి.

ఆ రబ్బరు వలయము వెల రెండు కాఫీల వెలకు మించదు.

ఇంకొక చిక్కు గూడ చెప్పవలెను. పాత కారునకు ఒక్క కంతయే ఉండునను నియమము లేదు. ఒకటి మూసిన తరువాత గూడ నీరు వచ్చినచో, మూసినది కారణము కాదని తలచి దానిని విడిచివేయకుడు. రెండు కారణములలో నొకటి తొలగినను కార్యము కొంత మిగులును. అందుచే వచ్చిన నీటిని ప్రతిమారు గిన్నెలోనికి పిండి కొలుచుట మంచిది. తగ్గినదా, అట్లే యున్నదా అని తెలియును. మాకు వైపరు వలయము మార్చిన పిమ్మట డిక్కీలో కొంచెము తేమ మిగిలెను. అప్పుడు నా వృత్తికి సంబంధించిన వస్తువే అక్కరకు వచ్చినది. డిక్కీ మూత చుట్టునున్న రబ్బరుకు సుద్దముక్కను దట్టముగా రుద్ది, మూత వేసి తీసితిమి. రబ్బరు ఆనిన చోటనెల్ల రేకుపై తెల్లని గీత పడెను. కుడి మూలన జానెడు మేర గీత లేదు. అచట మూత ఆనుట లేదన్నమాట. తాళపు కొక్కెమును కొంచెము సర్ది, రబ్బరు క్రింద పలుచని పట్టీ నొకటి అంటించగా గీత పూర్తియైనది. తలుపులకైనచో సన్నని కాగితపు ముక్కను నడుమనుంచి తలుపు వేసి లాగి చూడవచ్చును. బిగువుగా వచ్చినచో రబ్బరు మంచిది. జారిపోయినచో అచట సందు గలదు. వెనుక దీపముల చుట్టునుండు రబ్బరులు, నంబరు పలక బిగించిన మరల కన్నములు గూడ మరువరానివి. మారుతి 800 వంటి కారులలో అద్దము క్రింద గాలి దూరు జాలీలో వేపాకు, చింతాకు పడి కుళ్లి నీటిత్రోవను పూడ్చును. కారును చెట్టునీడన నిలుపువారు వానలకు ముందు ఆ ఆకును చేతితో తీసివేయవలెను.

అద్దపు బీడింగే చెడిన కారులును లేకపోలేదు. రబ్బరు మెత్తగా నున్నచో, వెదురు పుల్లతో దాని పెదవిని మెల్లగా ఎత్తి, ఎన్నడును గట్టిపడని మైనము వంటి జిగురును లోపలికి ఎక్కింపవలెను. ఇనుప మొనను వాడకుడు, అద్దము చిట్లును. గోరు దిగనంత గట్టిపడి పగుళ్లు వారినచో జిగురుతో పని లేదు, రబ్బరునే మార్పవలెను. దానిని ఎక్కించుట చూడముచ్చటగా నుండును. కొత్త రబ్బరును అద్దమునకు తొడిగి, దాని గాడిలో పురికొసను చుట్టూ పెట్టి, సబ్బునీరు రాచి, బయట ఒకరు అద్దమును అరచేతులతో అదుముచుండగా లోపల ఒకరు పురికొసను లాగుచు పోవుదురు. రబ్బరు పెదవి రేకు అంచును దాటి తనంతట తాను కూర్చుండును.

కంతలన్నియు కట్టిన తరువాతనే రేకు పని. పుచ్చిన రేకుపై ఎంసీలు ముద్ద పెట్టి రంగు వేసి ఇచ్చువారున్నారు. చూపునకు బాగుండును, కాలు మోపినచో మరల అప్పడమే. మంచి ఇనుము తగులువరకు కత్తిరించి, కొత్త రేకు వెల్డింగు చేయించితిమి. వెల్డింగునకు ముందు బ్యాటరీ తీగ విప్పవలెను, గోనె, సీట్లు దూరముగా నుంచవలెను, పెట్రోలు టాంకి దగ్గర పనియైనచో దానిని విప్పి తీసిగాని నిప్పు ముట్టింపరాదు. పిమ్మట రెడాక్సైడు పూత, అతుకులలో జిగురు, దానిపై రంగు. తలుపుల అడుగు కన్నములలో తారు నంతయు నేనే స్వయముగా గోకి తీసితిని. ఆ పని మరియొకరికి అప్పగించుటకు మనసొప్పలేదు. ఎడమ తలుపు అడుగంచు అప్పటికే పోయినది. దానికిని రేకు వేయవలసివచ్చినది. నీరు వెదకుటకు ఒక పూట పట్టినది. నేను మూసిన కన్నముల వలన కలిగిన చెరుపును సరిచేయుటకు పదునెనిమిది దినములు పట్టినది.

అప్పటినుండి వానకాలమంతయు పట్టా క్రింద ఒక పాత వార్తాపత్రికను పరచి యుంచుచున్నాను. వాన వెలిసిన మరునాడు తీసి చూచెదను. తడిసినచో ఏ మూల తడిసినదో కాగితమే చెప్పును. 2022 వానలకు తడియలేదు, అటుపిమ్మటను తడియలేదు. కారు మరల ఆసుపత్రికి తిరుగుచున్నది. అమ్ముట మాట మరదలు మరల ఎత్తలేదు. కాని ఆమె ఇప్పటికిని ముందు సీటున కూర్చుండదు. వెనుక సీటుననే కూర్చుండి, కాలు మోపుటకు ముందు పట్టాను ఒకమారు చేతితో నొక్కి చూచుకొనును. నేనేమియు ననను.